18 మిల్లీగ్రాముల రిపోర్టు నుంచి ప్రమాద సమయానికి వెనక్కి లెక్క కట్టవచ్చా?

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే ఇలాంటి లెక్కల్లో గంటలే ప్రాణం. పరకాలలో పెళ్లి దావత్‌కు వెళ్లిన మీ బావమరిది రాత్రి 8 గంటల నుంచి 9:30 వరకు స్నేహితులతో కూర్చున్నాడు. భోజనం చేసి బైకుపై హన్మకొండకు వస్తూ, గూడెప్పాడ్ క్రాస్ దాటాక 10:15 ప్రాంతంలో పడిపోయాడు. కాలు విరిగింది, 108లో ఆసుపత్రికి చేర్చారు. తెల్లవారుజామున 3 గంటలకు తీసిన రక్తంలో 100 మిల్లీలీటర్లకు 18 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. బీమా కంపెనీ తరఫు నిపుణుడు ప్రమాద సమయానికి అది 113 ఉండేదని రాసి ఇచ్చాడు. మీరు ఫోన్‌లో ఒక యాప్‌లో ‘రెండు డ్రింకులు’ అని నింపితే 36 చూపించింది. చట్టం పెట్టిన హద్దు 30 అయినప్పుడు, చేతిలో 18 రిపోర్టు ఉండగా క్లెయిము ఎలా ఆపుతారన్నది మీ ప్రశ్న. మనిషి వయసు 34, బరువు 62 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు. తాగింది రెండు లార్జ్‌లేనని ఒక స్నేహితుడు, కాదు ఒక క్వార్టర్ అని మరొకరు చెబుతున్నారు.

వరంగల్‌లో ఫోరెన్సిక్ వైద్యంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి, ఇలాంటి లెక్కల గురించి కోర్టు బోనులో చాలాసార్లు నిలబడి జవాబు చెప్పినవాడిగా మొదటే ఒక మాట చెబుతాను. 113 అన్న అంకె కింద నేను సంతకం పెట్టను. 36 కింద అసలే పెట్టను. అయితే 18 వచ్చింది కాబట్టి ప్రమాద సమయానికి హద్దులోపలే ఉన్నాడన్న మీ వాదన కూడా నిలవదు. ఆ 18 పడిన క్షణానిది కాదు, దాదాపు అయిదు గంటల తర్వాతది.

యాప్ సంగతి త్వరగా ముగించవచ్చు. అందులో ‘డ్రింకు’ అంటే అమెరికా వాళ్ల కొలత, 14 గ్రాముల ఆల్కహాల్. బ్రిటన్ వాళ్ల యూనిట్ 8 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 10 గ్రాములు. మన లార్జ్ వీటిలో ఏదీ కాదు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల లేబుల్ మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. 60 మిల్లీలీటర్ల లార్జ్‌లో 25.7 మిల్లీలీటర్ల ఆల్కహాల్, దాన్ని సాంద్రత 0.789తో గుణిస్తే 20 గ్రాముల పైమాట. కాబట్టి మీరు యాప్‌కు చెప్పింది 28 గ్రాములు, స్నేహితుడి మాట నిజమైతే లోపలికి వెళ్లింది దాదాపు 40.5 గ్రాములు. క్వార్టర్ అయితే 180 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 61 గ్రాములు. పక్కవాళ్లకు ఉపయోగపడుతుందని ఇంకో మాట: 8 శాతం లేబుల్ ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్క సీసాలో ఉండే ఆల్కహాల్ రెండు లార్జ్‌లకు సమానం. ‘బీరే కదా’ అనేవాళ్లు ఈ గుణకారం ఒకసారి చేసి చూడాలి.

పైగా దావత్‌లో పోసిన లార్జ్ 60 మిల్లీలీటర్లే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒకసారి మా విభాగంలోనే ముగ్గురం నీళ్లతో ఈ పరీక్ష చేశాం. స్టీలు గ్లాసులో ‘ఒక లార్జ్’ అని కంటి అంచనాతో పోసి, తర్వాత కొలజాడీలోకి ఒంపి చూస్తే ఒకరిది 50 దగ్గర ఆగింది, ఇంకొకరిది 80 దాటింది. పోసింది రోజూ కొలజాడీలతో పనిచేసే మనుషులు. పందిరి కింద, ట్యూబ్‌లైటు వెలుతురులో, మాటల మధ్య పోసే చేతి నుంచి అంతకంటే మెరుగైన కొలత ఆశించలేం.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. దీనికి మూలం స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎరిక్ విడ్‌మార్క్ 1932లో జర్మన్ భాషలో ప్రచురించిన సూత్రం. తొంభై ఏళ్లు దాటినా నేటికీ యాప్‌లూ నిపుణులూ దాని మీదే బతుకుతున్నారు. గోలెంలో దోసెడు ఉప్పు వేస్తే నీళ్లు ఎంత ఉప్పనవుతాయన్నది గోలెంలో ఉన్న నీటిని బట్టి ఉంటుంది కదా, ఇదీ అంతే. తాగిన ఆల్కహాల్ శరీరంలోని నీరంతటా పరుచుకుంటుంది, కొవ్వులోకి పెద్దగా వెళ్లదు. అందుకని బరువు మొత్తాన్ని కాకుండా, బరువును ఒక విస్తరణ గుణకంతో తగ్గించి భాగిస్తారు. విడ్‌మార్క్ ఇచ్చిన సగటు గుణకం పురుషులకు 0.68, స్త్రీలకు 0.55. అలా వచ్చిన దాని నుంచి, తాగడం మొదలుపెట్టినప్పటి నుంచి గడిచిన ప్రతి గంటకూ కాలేయం ఖర్చు చేసినదాన్ని తీసేయాలి. అది గంటకు సగటున 15 మిల్లీగ్రాములు.

మీ బావమరిదికి ఇది వర్తింపజేస్తే 62 కిలోలను 0.68తో గుణించగా దాదాపు 42 కిలోలు వస్తుంది. రెండు లార్జ్‌ల 40.5 గ్రాములను దానితో భాగించి, రక్తం సాంద్రతను కూడా కలుపుకుంటే, 100 మిల్లీలీటర్లకు 101 మిల్లీగ్రాములు. ఇది తాగినదంతా ఒక్కసారిగా రక్తంలో కలిసిందనుకునే ఊహా శిఖరం. 8 గంటల నుంచి 10:15కు రెండుంబావు గంటలు కనుక 34 తీసేస్తే ప్రమాద సమయానికి 67. తెల్లవారుజామున 3 గంటలకు ఏడు గంటలు కనుక 105 తీసేయాలి, అంటే సున్నా అయిపోయి ఉండాలి. కానీ రిపోర్టు 18 అంటోంది. క్వార్టర్ అనుకుంటే శిఖరం 152; అదే వేగంతో 3 గంటలకు 47 ఉండాలి. రిపోర్టు అదీ అనడం లేదు.

ఈ తేడా చూసి కంగారుపడవద్దు. సగటు వేగం అందరి వేగం కాదు. ఆరోగ్యవంతుల్లో గంటకు 10 నుంచి 25 వరకు కనిపిస్తుంది. బాగా అలవాటుపడిన తాగుబోతుల్లో 30 కూడా దాటవచ్చు. కాబట్టి వేగాన్ని మార్చి చూడండి. రెండు లార్జ్‌లు, గంటకు 12 చొప్పున తగ్గే మనిషి అనుకుంటే, 101 నుంచి 84 పోయి 3 గంటలకు 17 వస్తుంది. క్వార్టర్, గంటకు 19 చొప్పున తగ్గే మనిషి అనుకుంటే, 152 నుంచి 133 పోయి 19 వస్తుంది. రిపోర్టులోని 18కి రెండూ అతికినట్టు సరిపోతున్నాయి! కానీ ప్రమాద సమయానికి వెళ్లి చూస్తే మొదటి కథలో 74, రెండో కథలో 109. ఒకే కొలత, ఒకే మనిషి, రెండు కథలు. బీమా కంపెనీ నిపుణుడు వేగాన్ని 20 అనుకున్నాడు, నాలుగుముప్పావు గంటలకు 95 కలిపాడు, 18తో కూడి 113 చేశాడు. కూడిక తప్పు కాదు. 20 అన్న అంకెను ఎక్కడి నుంచి తెచ్చాడో రాయకపోవడం, 10 పెట్టినా 25 పెట్టినా ఎంత వచ్చేదో చెప్పకపోవడం తప్పు. 10 పెడితే 65, 25 పెడితే 137. ఈ మొత్తం వెడల్పును చూపించి, ఆ తర్వాత తన అభిప్రాయం చెప్పి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు.

విస్తరణ గుణకం కూడా ఇంతే జారుడు సరుకు. విడ్‌మార్క్ సొంత కొలతల్లోనే పురుషుల గుణకం 0.51 నుంచి 0.85 దాకా పోవచ్చు. ఎత్తు, బరువు, వయసులను బట్టి శరీరంలోని నీటిని లెక్కించే వాట్సన్ సూత్రం 1980 నాటిది. అందులో మీ బావమరిది కొలతలు పెడితే 38 లీటర్ల నీరు వస్తుంది. ఆ లెక్కన రెండు లార్జ్‌ల శిఖరం 101 కాదు, 86. పొట్ట పెరగని, సన్నటి మనిషికి ఇది విడ్‌మార్క్ సగటు కంటే నిజానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. కానీ ఇందులో మీకు అంత అనుకూలం కాని ఒక సంగతి దాగి ఉంది. శిఖరం 86 అయితే, అది ఏడు గంటల్లో 18కి దిగాలంటే గంటకు పదికి లోపే తగ్గాలి. ఆరోగ్యవంతుడైన 34 ఏళ్ల మనిషిలో అంత నెమ్మది అరుదు. అంటే 18 నిజమైతే రెండు లార్జ్‌ల కంటే కొంత ఎక్కువే లోపలికి వెళ్లి ఉండాలి, లేదా ఆ లార్జ్‌లు స్టీలు గ్లాసు లార్జ్‌లై ఉండాలి.

ఇలాంటి కేసుల్లో నేను పాటించిన నియమం ఒకటే: లెక్కకు రెండు చివరలూ కలవాలి. ఒక చివర తాగిన మోతాదు, ఇంకో చివర కొలిచిన రక్తం. మధ్యలో మనం ఎంచుకునే గుణకమూ వేగమూ ఆ రెంటినీ ఒకేసారి ఒప్పించాలి. మీ తరఫున అన్నింటినీ అనుకూలంగా ఎంచుకుని చూశాను: గుణకం 0.76, భోజనం వల్ల ఆల్కహాల్‌లో అయిదో వంతు రక్తంలోకి చేరలేదనుకోవడం, వేగం గంటకు 25. అప్పుడు రెండు లార్జ్‌లకు ప్రమాద సమయంలో 17 వస్తుంది, 30కి లోపలే. కానీ అదే మనిషి రక్తం రాత్రి 11 గంటలకే ఖాళీ అయిపోవాలి. తెల్లవారుజామున 18 రావడానికి వీలే లేదు. కాబట్టి ఆ 17ను ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. ఒక చివర పట్టుకుని రెండో చివర వదిలేసిన లెక్క అది.

ఇక వెనక్కి కట్టే లెక్కలో మామూలుగా చెప్పని రెండు బలహీనతలు ఉన్నాయి, రెండూ మీ విషయంలో వర్తిస్తాయి. మొదటిది, గంటకు ఇంత అని తగ్గే పద్ధతి చివరి వరకూ సాగదు. రేషన్ దుకాణంలో ఒకే తూకం ఉంటే, బయట వరుసలో యాభై మంది ఉన్నా నూరు మంది ఉన్నా గంటకు కదిలేది అంతే మంది. కాలేయంలోని ఎంజైము పరిస్థితి అదే, కనుకనే గంటకు స్థిరమైన మోతాదు. వరుస పలచబడి ఒకరూ ఇద్దరూ వచ్చే వేళకు తూకం మధ్యమధ్య ఖాళీగా ఉంటుంది, గంటకు కదిలేవాళ్ల సంఖ్య పడిపోతుంది. రక్తంలో సుమారు 20 మిల్లీగ్రాములకు దిగువన జరిగేది ఇదే. గీత వంగి తోకలాగా సాగుతుంది. 18 సరిగ్గా ఆ తోక మొదట్లో ఉంది. అక్కడి నుంచి నేరుగా గీత గీసి వెనక్కి పోతే, మనిషి ఆ తోకలో ఎంతసేపు ఉన్నాడో తెలియదు కనుక, వచ్చే అంకె ఉన్నదానికంటే ఎక్కువవుతుంది. ఎంత ఎక్కువన్నది ఎవరూ చెప్పలేరు. అయినా ఆ దిశ మీకు అనుకూలమైనదే, దాన్ని లిఖితపూర్వకంగా అడగవచ్చు.

రెండవది కడుపు. ఆల్కహాల్‌లో కొంత భాగమే జీర్ణాశయం గోడ నుంచి రక్తంలోకి వెళుతుంది. ఎక్కువ భాగం చిన్నపేగుకు దిగాకే వెళుతుంది. ఖాళీ కడుపైతే చివరి గుక్క తర్వాత అరగంట నుంచి గంటలో శిఖరం వస్తుంది. బగారా అన్నం, మటన్ కూర తిన్న కడుపు తలుపు నెమ్మదిగా తెరుస్తుంది కాబట్టి శిఖరం రెండు గంటల వరకూ జరగవచ్చు, ఎత్తు కూడా తగ్గవచ్చు. మీ బావమరిది చివరి గుక్క 9:30కి, ప్రమాదం 10:15కి. నలభై అయిదు నిమిషాలు. ఆ వేళకు రక్తంలో ఆల్కహాల్ దిగుతోందో, ఇంకా ఎక్కుతోందో చెప్పడానికి ఆధారం లేదు. వెనక్కి కట్టే లెక్క దిగే గీతకు మాత్రమే చెల్లుతుంది. శిఖరం దాటి అవతలి వైపుకు దాన్ని లాగకూడదు. జాగ్రత్తగల నిపుణుడైతే చివరి గుక్క తర్వాత రెండు గంటలు వదిలి, 11:30 వరకే వెనక్కి వెళతాడు. కనిష్ఠ వేగమైన 10తో ఆ మూడున్నర గంటలకు 35 కలిపితే 53. ఆ తర్వాత 10:15 గురించి ‘ఇంకా ఎక్కుతూ ఉండి ఉంటే ఇంతకంటే తక్కువ కావచ్చు, ఎక్కడం అప్పటికే పూర్తయి ఉంటే ఇంతకంటే ఎక్కువ’ అని రాసి ఆగుతాడు. అలా ఆగిన నివేదికను నేను గౌరవిస్తాను.

ఇంతవరకు 18ని నిజమని ఒప్పుకుని మాట్లాడాను. నా దృష్టిలో మీ కేసులో అసలు ప్రశ్న అక్కడే ఉంది, మీరు పంపిన వివరాల్లో మాత్రం దాని గురించి ఒక్క ముక్క లేదు. ఆ 18 ఏ పద్ధతిలో వచ్చింది? ఆసుపత్రి బయోకెమిస్ట్రీ యంత్రం మీద వచ్చినదైతే అది ఎంజైము పద్ధతి. అది కొలిచేది సాధారణంగా రక్తాన్ని కాదు, రక్తం నుంచి కణాలను తీసేశాక మిగిలే సీరాన్ని. సీరంలో నీరు ఎక్కువ కాబట్టి అంకె కూడా మొత్తం రక్తంలో కంటే సగటున ఏడో వంతు ఎక్కువ వస్తుంది. సీరం 18 అంటే రక్తంలో దాదాపు 16. ఇక్కడ ఆ రెండు మిల్లీగ్రాముల వల్ల పెద్ద తేడా రాదు. కానీ 33 అని వచ్చిన ఇంకొకరి రిపోర్టులో అదే తేడా హద్దుకు ఈ వైపో ఆ వైపో తేల్చేస్తుంది. మీకు ఎక్కువ ముఖ్యమైనది మరొకటి. తీవ్రమైన గాయమై, రక్తం పోయి, షాక్‌లో ఉన్న మనిషిలో, ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే లాక్టేటూ, లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమూ రెండూ పెరిగినప్పుడు, కొన్ని ఎంజైము పద్ధతులు ఆల్కహాల్ లేకపోయినా కొద్దిపాటి అంకె చూపిస్తాయి. 200 వచ్చిన రిపోర్టును దీనితో కొట్టిపారేయలేం. 18ని మాత్రం ప్రశ్నించవచ్చు. ఆ రాత్రి కేసు షీటులో లాక్టేట్ రాసి ఉందేమో చూడండి.

ఫోరెన్సిక్ లాబొరేటరీలో గ్యాస్ క్రొమటోగ్రఫీ పద్ధతిలో వచ్చిన 18 అయితే దాని బరువే వేరు. అక్కడ చిన్న గాజు సీసాలో రక్తం వేసి, మూత బిగించి, వేడిచేసి, రక్తం పైన ఖాళీలో నిలిచిన ఆవిరిని తీసి పరీక్షిస్తారు. ఒకే నమూనా నుంచి రెండు సీసాలు వేరువేరుగా చేసి, రెండూ ఒకదానికొకటి దగ్గరగా వస్తేనే ఫలితం ఇవ్వడం మంచి లాబొరేటరీల అలవాటు. లాక్టేట్ వల్ల ఈ పద్ధతి మోసపోదు. కానీ ఎంత మంచి యంత్రమైనా తనకు అందించిన గొట్టంలో ఉన్నదాన్నే కొలుస్తుంది. ఆ గొట్టం అడుగున తెల్లటి పొడి ఉండాలి: సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్. ఒకటి సూక్ష్మజీవులను ఆపుతుంది, రెండోది గడ్డకట్టనివ్వదు. రక్తం పోశాక గొట్టాన్ని ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, లేకపోతే పొడి అడుగునే పేరుకుని ఉంటుంది. గొట్టం నిండుగా ఉండాలి, మూత గట్టిగా ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టాలి. మే నెలలో, పొడి లేని మామూలు గొట్టంలో, కానిస్టేబుల్ సంచీలో రెండు రోజులు తిరిగిన రక్తంలోని ఆల్కహాల్ అటు తగ్గనూవచ్చు, ఇటు పెరగనూవచ్చు. సూది గుచ్చే ముందు స్పిరిట్ దూదితో తుడిచారా, సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే తీశారా అన్నవి చిన్న ప్రశ్నలు, కానీ చిన్న అంకెల దగ్గర చిన్న ప్రశ్నలకే విలువ ఎక్కువ.

గొట్టం మీద చీటీ గురించి కూడా అడగండి. ఒక కేసులో ‘2:00’ అని రాసిన గంటను మీద దిద్ది ‘4:00’ చేసిన చీటీ నా చేతికి వచ్చింది. దిద్దిన సిరా వేరు, చుట్టూ సంతకం లేదు. వేగం గంటకు 10 అనుకుంటే ఆ రెండు గంటలు 20 మిల్లీగ్రాములు, 25 అనుకుంటే 50. వెనక్కి కట్టే లెక్కలో వాళ్లు వాడిన గంట రక్తం తీసిన గంటా, లాబొరేటరీలో చేరిన గంటా, రిపోర్టు ముద్రించిన గంటా అన్నది తేల్చకుండా మిగతా ఏదీ మాట్లాడటంలో అర్థం లేదు.

దావత్‌లో కల్లు కూడా ఉందని మీరు ఒక చోట రాశారు కాబట్టి ఒక పక్క మాట. కల్లును ఈ సూత్రంలో పెట్టడం నాకెప్పుడూ ఇబ్బందే. తెల్లవారి చెట్టు మీద నుంచి దింపిన లొట్టిలోది దాదాపు తీపి నీరు. అదే సాయంత్రానికి పులిసి 4 నుంచి 6 శాతం దాకా వెళుతుంది. తాటిదా, ఈతదా, లొట్టి ఎన్నాళ్లుగా కడగలేదు, ఎండ ఎంత అన్నవాటిని బట్టి అది మారుతుంది. గుడుంబా, ఇప్పసారాల బలం అయితే వంపిన చేతికే తెలియదు. అంతకంటే ముఖ్యంగా, మన ప్రాంతంలో కొన్ని కల్లు దుకాణాల్లో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలామ్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు పదేపదే పట్టుబడింది. అలాంటిది తాగిన మనిషి బండి నడపలేని మత్తులో ఉన్నా, అతని ఆల్కహాల్ అంకె 18 కావచ్చు, శ్వాస పరీక్షలో అంతకంటే తక్కువ కావచ్చు. ఆల్కహాల్ అంకె ఆల్కహాల్ గురించే చెబుతుంది. కాబట్టి కల్లు ప్రస్తావన మీ వైపు నుంచి తెచ్చే ముందు ఇది ఆలోచించుకోండి.

శ్వాస పరీక్ష ఆ రాత్రి జరగలేదు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. ఊపిరిలో ఉన్న ఆల్కహాల్‌ను 2,100తో గుణించి రక్తంలో ఇంత అని యంత్రం చూపిస్తుంది; ఆ నిష్పత్తి మనిషిని బట్టీ, ఒంటి వేడిని బట్టీ, ఎక్కే దశలో ఉన్నాడా దిగే దశలోనా అన్నదాన్ని బట్టీ మారుతుంది. వాంతి, త్రేన్పు, మౌత్‌వాష్ వంటి వాటి తర్వాత పదిహేను నిమిషాలు ఆగకుండా ఊదిస్తే నోటిలోని ఆల్కహాల్‌నే కొలిచినట్టవుతుంది. అయినా ప్రమాదం జరిగిన గంటలోపు చేసిన ఒక సరైన శ్వాస పరీక్ష, అయిదు గంటల తర్వాతి రక్తం మీద కట్టిన ఎంత గొప్ప లెక్క కన్నా నాకు ఎక్కువ చెబుతుంది.

చట్టం గురించి నేను చెప్పగలిగింది కొంచెమే, మిగతాది మీ లాయరు చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం నడుపుతున్నప్పుడు రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించడం నేరం. 2019 సవరణతో శ్వాస పరీక్షతో పాటు లాబొరేటరీ పరీక్షనూ అందులో చేర్చారు. మీ బావమరిది పరిమాణం ఉన్న మనిషిలో 30 అంటే ఆ క్షణంలో ఒంట్లో దాదాపు 12 గ్రాముల ఆల్కహాల్, అంటే ఒక స్మాల్ పెగ్గుకు కొద్దిగా ఎక్కువ. హద్దు అంత కింద ఉన్నందువల్లనే, అంచనా ఎంత వెడల్పుగా ఉన్నా దాని కింది అంచు కూడా తరచుగా హద్దు పైనే పడుతుంది. ఇక బీమా పాలసీలో 30 అన్న అంకె ఉండకపోవచ్చు. ‘మద్యం ప్రభావంలో’ అన్న మాటే ఉండవచ్చు, పాలసీ కాగితం తీసి ఆ వాక్యం చదవండి. మద్యం వాసన వచ్చిందని డాక్టరు రాసినంత మాత్రాన మోతాదు తెలిసిపోదు. అలాగని పరీక్ష లేకపోతే బీమా కంపెనీ చేతులు కట్టేసినట్టూ కాదు. 2021లో సుప్రీంకోర్టు ఒక కారు బీమా తగాదాలో, పరీక్ష జరగకపోయినా మిగతా పరిస్థితులతో కంపెనీ తన వాదన నిరూపించుకోవచ్చని చెప్పింది. కాబట్టి 18ని పడగొడితే కేసు గెలిచినట్టేనని అనుకోవద్దు. 18 పడిపోతే 113 కూడా పడిపోతుంది, కానీ స్నేహితుల మాటలు మిగులుతాయి. రెండు లార్జ్‌లన్న మాటను సగటు వేగంతో లెక్క కట్టినా ప్రమాద సమయానికి విడ్‌మార్క్ గుణకంతో 67 వస్తుందని పైన చూశారు; వాట్సన్ సూత్రం ఇచ్చిన 86 నుంచి 34 తీసేసినా 52. స్నేహితులను మాట మార్చమని మాత్రం అడగవద్దు. బోనులో అది ఎలా బయటపడుతుందో చాలాసార్లు చూశాను.

అందువల్ల ముందుగా ఆసుపత్రికి, పోలీస్ స్టేషన్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి రక్తం తీసిన గంట, తీసిన డాక్టరు నోటు, గొట్టం రకం, లాబొరేటరీకి చేరిన తేదీ, పరీక్ష పద్ధతి, సీరమా మొత్తం రక్తమా అన్న వివరం, అసలు రిపోర్టు నకలు తెచ్చుకోండి. బీమా కంపెనీ నిపుణుణ్ణి మీ లాయరు ద్వారా మూడు ప్రశ్నలు అడిగించండి: గంటకు 20 అన్న వేగం ఎందుకు తీసుకున్నారు, 10తోనూ 25తోనూ ఎంత వస్తుంది, 10:15కల్లా ఎక్కడం పూర్తయిందని ఎలా తేల్చారు. జవాబులు వచ్చాక ఆ కాగితాలు చూపిస్తే నేను మళ్లీ లెక్క కట్టి, కింది అంచూ పై అంచూ రెండూ రాసి ఇస్తాను. గ్యాస్ క్రొమటోగ్రఫీ రిపోర్టయి, గంటలు సరిగ్గా ఉంటే, ఆ కింది అంచు కూడా 30కి పైనే ఉంటుందనే నా అంచనా. ఎంజైము పద్ధతి అయి, ఆ రాత్రి లాక్టేట్ ఎక్కువగా ఉండి ఉంటే, వెనక్కి లెక్క కట్టడానికి ఆ రిపోర్టు పనికిరాదని రాయడానికి నాకు అభ్యంతరం లేదు.